6 ఎంఎం కిడ్నీ రాయికి కొండపిండి కషాయం సరిపోతుందా?

మీకు 6 ఎంఎం రాయి ఉందని, ఇంట్లోవాళ్ళు కొండపిండి కషాయం తాగమంటున్నారని, పాలు, టమాటా మానేయమంటున్నారని రాశారు. డాక్టరుకి ఒకమాట చెప్పి కషాయం తాగండి, పాలు పెరుగు మాత్రం మానకండి.

నాకు 5 ఎంఎం రాయి మూత్రనాళంలోకి దిగి ఇరుక్కుంది. నేను గుంటూరు మిర్చి యార్డులో చేస్తాను, సీజనంతా ఎండ, చెమట, తాగిన నీళ్ళన్నీ చెమటలోనే పోయి మూత్రం చిక్కబడుతుంది, రాళ్ళు పుట్టేది అందుకే. డాక్టర్ నొప్పికీ, నాళం వదులవడానికీ మాత్రలు రాశారు. అవి వాడుతూనే మా అమ్మ చేలగట్ల మీంచి కొండపిండి మొక్కలు (ఆకుల దగ్గర తెల్లగా దూదిలాంటి పూలుంటాయి) పీక్కొచ్చి, వేళ్ళ మట్టి పోయేదాకా కడిగి, కాసిని పల్లేరు కాయలు దంచి కలిపి, రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసయ్యేదాకా మరిగించి ఇచ్చేది. రాయి పడిపోయింది. కషాయానికే పడిందని మాత్రం ఒట్టేసి చెప్పలేను, ఎందుకంటే 5 ఎంఎం లోపువి చాలావరకు వాటంతటవే పోతాయి. 10 దాటితే ఆకుల్ని నమ్ముకుని కూర్చోవద్దు. మనలో ఎక్కువమందికి ఉండే క్యాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఇంగ్లీషు వైద్యంలో కూడా లేదు, యూరిక్ యాసిడ్ రాయైతే కరుగుతుంది.

అసలు పని తిండీ నీళ్ళదే. మూత్రం రోజుకి రెండు, రెండున్నర లీటర్లు రావాలి, అంటే ఎండలో తిరిగేవాళ్ళు మూడు లీటర్ల పైనే తాగాలి. నిమ్మరసం ఉప్పూ పంచదారా లేకుండా తాగండి, అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా అడ్డుపడుతుంది. ఉలవకట్టు, అరటి దూట పెసరపప్పు మా ఇంట్లో ఇప్పటికీ వండుతాం, అయితే ఉలవచారులో ఉప్పు తగ్గించాలి. ఉప్పు పెరిగితే మూత్రంలో క్యాల్షియం పెరుగుతుంది, కాబట్టి ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు బాగా తగ్గించండి, మాంసం కూడా. పాలకూర, చుక్కకూర, జీడిపప్పు, పల్లీలు తగ్గించండి, క్యాల్షియంతో కలిసి రాయి కట్టే ఆక్సలేట్ వాటిలో ఎక్కువ. అన్నంలో పెరుగు వేసుకుంటే అందులోని క్యాల్షియం ఆక్సలేట్‌ని పేగుల్లోనే పట్టేసి బయటికి పంపిస్తుంది, పెరుగు మానేస్తే అది ఎక్కువగా కిడ్నీకి చేరుతుంది. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, గింజలు రాళ్ళవుతాయన్నది వట్టి మాట.

పేరూ ఊరూ లేని పొట్లాల భస్మాలు దయచేసి వాడకండి, కావాలంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, వాంతులు తగ్గకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. నొప్పి పోయిందంటే రాయి పోయినట్టు కాదు, నాళంలో అడ్డంగా ఉండి చప్పుడు లేకుండా కిడ్నీని పాడుచేయొచ్చు, అందుకని డాక్టర్ చెప్పిన టైముకి స్కాన్ మళ్ళీ తీయించండి. ఈలోపు మూత్రం పల్చటి గుడ్డలో వడకట్టండి, రాయి దొరికితే ల్యాబ్‌కిస్తే అది ఏ రకమో తెలుస్తుంది.