ముందు ప్రవాహం, తర్వాతే మందు

భీమిలి,
విశాఖపట్నం

చి. అమ్మలూకి పెద్దమ్మ దీవెనలు.

రక్తనాళాల లోపలి పొర మీద పని చేస్తానని నువ్వు ఫోన్లో చెప్పిన రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. నేను ఇన్నేళ్లు చేసిన పని నీ చేతికి వస్తోంది. ఫోన్లో తీరుబడిగా చెప్పడం కుదరలేదు కాబట్టి రాస్తున్నాను.

ప్లేట్లలో ఎండోథీలియల్ కణాలు, అంటే ఆ లోపలి పొర కణాలు పెంచి, హైడ్రోజన్ పెరాక్సైడ్, టీఎన్ఎఫ్-ఆల్ఫా (వాపు పుట్టించే ప్రోటీన్), ఎక్కువ గ్లూకోజ్ ఒక్కొక్కటీ ఇచ్చి చూసి, ఆ తర్వాత టైముంటే ఫ్లో, అంటే కణాల మీదుగా పోషక ద్రవం (మీడియం) పారించడం, పెడతానన్నావు. ఆ వరుస మార్చుకో అమ్మా. ఈ కణాలు ఒంట్లో ఒక్క క్షణం కూడా నిలవ నీళ్లలో ఉండవు. రక్తం వాటిని రాసుకుంటూ పోతూనే ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కింద ఉన్న గోడ సాగుతుంది. కదలని మీడియంలో పెరిగిన కణాన్ని మామూలు కణం అనుకుని మొదలుపెడితే, నీ మొదటి కొలతే పక్కదారి పడుతుంది.

సాయంత్రాలు నేను గోస్తని సముద్రంలో కలిసే చోటికి నడిచి వెళ్తుంటాను. పైన ఏరు ఒకే దిక్కుకి పోతుంది. మొగ దగ్గరికి వచ్చేసరికి పోటుకి నీళ్లు వెనక్కి, ఆటుకి ముందుకి. ఇసుక మేట వేసేది అక్కడే. ధమనుల్లోనూ అంతే. తిన్నగా ఉన్న చోట చదరపు సెంటీమీటరుకి 10 నుంచి 20 డైన్ల షియర్ (రక్తం గోడని రాసుకుపోయే బలం) ఒకే వైపు లాగుతుంటుంది. మెడలో కెరోటిడ్ చీలే చోట అది 4 డైన్ల కంటే తగ్గి, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. షుగరు, కొలెస్ట్రాల్, సిగరెట్ పొగలోని విషం ఒళ్లంతా ఒకే రక్తంలో తిరుగుతాయి కదా. మరి కొవ్వు ఎక్కువగా ఆ చీలికల దగ్గరే, వంపుల దగ్గరే ఎందుకు పేరుకుంటుంది? నీ థీసిస్ అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరగాలని నా కోరిక.

నిలకడగా పారే ప్రవాహంలో ఉన్న కణం తనని కాపాడే కేఎల్ఎఫ్2 జన్యువుని పైకి తెస్తుంది, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేస్తుంది. అలాంటి కణానికి టీఎన్ఎఫ్ ఇస్తే వీక్యామ్-1 (తెల్ల రక్తకణాల్ని గోడకి అంటించే ప్రోటీన్) అంతగా పెరగదు. అదే డోసు నిలవ మీడియంలో ఉన్న కణానికి ఇస్తే బాగా పెరుగుతుంది. కాబట్టి ఫ్లో ముందా, మందు ముందా అన్నది నోట్సులో రాసి వదిలేసే వివరం కాదు. రెండు వరుసల్లోనూ చేసి చూడు.

అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ 1980లో అచ్చువేసిన పని చదివావా? కుందేలు మహాధమని ముక్కలకి అసిటైల్‌కోలిన్ ఇస్తే జాగ్రత్తగా తీసినవి సడలాయి. లోపలి పొర రుద్దుకుపోయినవి సడలలేదు. చేతి రాపిడి ఒక రసాయనానికి జవాబునే మార్చేసింది. ఆ దారిలో తేలింది నైట్రిక్ ఆక్సైడ్, 1998లో నోబెల్ కూడా వచ్చింది.

ఇక చాంబర్, అంటే కణాల మీదుగా మీడియం పారించే సన్నని పెట్టె సంగతి. షియర్ లెక్కలో ఆ పెట్టె ఎత్తు వర్గం అయి హారంలో కూర్చుంటుంది. ఆ ఎత్తునిచ్చే, 250 మైక్రోమీటర్లు అనుకున్న రబ్బరు గ్యాస్కెట్‌ని స్క్రూలు గట్టిగా బిగించి 225కి నలిపేశావనుకో, షియర్ 23 శాతం పెరిగిపోతుంది. నీకు తెలియను కూడా తెలియదు. బిగించాక ఎత్తు కొలిచి తీరాలి. మీడియం చిక్కదనం 37 డిగ్రీల దగ్గరిది తీసుకో, గది వేడిలోది కాదు. ప్రవాహాన్ని ఒక్కసారిగా 12 డైన్లకి తీసుకెళ్లకు, కొన్ని గంటల్లో మెల్లగా పెంచు. బుడగ ఒక్కటి పోయినా ఆ దారిలో కణాలు గీసినట్టు ఊడిపోతాయి. మీడియం ముందే వేడి చేసి, ట్యూబులో బుడగ ఆపే బుడ్డి పెట్టుకో.

పంపు కొనడానికి డబ్బు లేదంటే ఇంక్యుబేటర్లో గుండ్రంగా ఊపే ఆర్బిటల్ షేకర్ మీద సిక్స్-వెల్ (ఆరు గుంటల) ప్లేటు తిప్పు. అంచున ఒక రకం షియర్, మధ్యలో తక్కువగా దిక్కు లేని షియర్ వస్తుంది. అంచు కణాల్నీ మధ్య కణాల్నీ కలిపి తీయకు, అంతే.

రసాయనాల దగ్గర నేను పోగొట్టుకున్న రెండు నెలల సంగతి చెప్తాను. ఒక సెట్లో 200 మైక్రోమోలార్ పెరాక్సైడ్‌కి కణాలు చచ్చిపోయేవి. ఇంకో సెట్లో చెక్కు చెదరలేదు. కణాల్ని అనుమానించాను, పెరాక్సైడ్‌ని అనుమానించాను. చివరికి కొత్త మీడియం బాటిల్ మీద చిన్న అక్షరాల్లో సోడియం పైరువేట్ అని కనిపించింది. పైరువేట్ పెరాక్సైడ్‌ని తినేస్తుంది. కణాలు కూడా తింటాయి, అందుకని ఒక్కో వెల్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకుండా డోసు రాయకు. 25 మిల్లీమోలార్ గ్లూకోజ్ పెట్టిన ప్రతిసారీ పక్కన మామూలు గ్లూకోజ్ మీద, నువ్వు అదనంగా కలిపిన గ్లూకోజ్ అంత మానిటాల్ (కణాలు వాడుకోని చక్కెర లాంటిది) కలిపిన వెల్ ఉండాలి. లేకపోతే అది షుగర్ చేసిన పనో, ఉత్త ఆస్మాటిక్ ఒత్తిడి (ద్రవం గాఢత పెరిగి కణంలోంచి నీళ్లు లాగడం) చేసిన పనో చెప్పలేవు. సిలికోన్ ట్యూబులు నూనె స్వభావం ఉన్న మందుల్ని పీల్చేస్తాయి, అది కూడా చూసుకో.

బొడ్డుతాడు కణాలైతే తల్లి సంతకం, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఐదో పాసేజ్ (కణాల్ని కొత్త ప్లేటుకి మార్చి పెంచడం) దాటాక వాటిని నమ్మకు. తొలి పాసేజ్‌లవి ద్రవ నైట్రోజన్‌లో రెండు చోట్ల దాచు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఇంక్యుబేటర్ చల్లారిపోయి అందులోవన్నీ పోయాయి. నైట్రోజన్ డబ్బాలో మిగిలిన పదకొండు ట్యూబులతోనే మళ్లీ మొదలుపెట్టాం.

మొదటి వారం ఏ మందూ కలపకు. ఫ్లో మాత్రం పెట్టి మైక్రోస్కోప్ కింద చూడు. గులకరాళ్లు పరిచినట్టు ఉన్న కణాలు ఒక రోజు తిరిగేసరికి పొడుగ్గా సాగి, ప్రవాహం వైపు వరుసగా పడుకుంటాయి. ఆ ఫొటో తీసి నాకు పంపించు, దాని కోసం ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ