గుర్తింపు లేని స్పైన్ ఫెలోషిప్‌లో చేరవచ్చా?

మీరు అమెరికాలో పీఎంఆర్ (ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్) రెసిడెన్సీ చివరి ఏడాదిలో ఉన్నారు. డాక్టర్ల శిక్షణకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఏసీజీఎంఈ. దాని గుర్తింపు ఉన్న పెయిన్ ఫెలోషిప్ (రెసిడెన్సీ తర్వాత నొప్పి వైద్యంలో ఏడాది శిక్షణ) మ్యాచ్‌లో, అంటే సీట్ల కేటాయింపులో, దక్కలేదు. గుర్తింపు లేని స్పైన్ ఫెలోషిప్ ఒకటి చేతిలో ఉంది. చేరాలా, ఏడాది ఆగి మళ్ళీ ప్రయత్నించాలా అని అడిగారు. వీసా చిక్కు లేకపోతే, నేర్పేవారు గట్టివారైతే, మరో ఆలోచన లేకుండా చేరండి. గట్టివారో కారో ముందుగా ఎలా కనిపెట్టాలన్నదే అసలు తలనొప్పి. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ ముద్ర గురించే మాట్లాడతారు.

నేనూ పీఎంఆర్ చదివినదాన్నే. పెయిన్ మ్యాచ్ జోలికి వెళ్ళకుండా, ఒక ప్రైవేటు ప్రాక్టీసు వారి స్పైన్ ఫెలోషిప్‌లో కోరి చేరాను. పెయిన్ బోర్డు పరీక్ష (నొప్పి వైద్యంలో నిపుణులని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) రాసే అర్హత రాదని తెలిసే చేరాను. అప్పటి నుంచి మన డాక్టర్లు పదిమంది చేరిన చోటల్లా ఎవరో ఒకరు "అయ్యో, మీకు బోర్డు లేదా?" అంటూ పరామర్శకు వస్తారు. నాకు పీఎంఆర్ బోర్డు ఉంది. వారు అడిగేది దాని మీద ఇంకొకటి. ర్యాంకులతో పెరిగినవాళ్ళం కదా, ఎదుటివారి గోడ మీద ఒక పటం తక్కువైనా మనకు నిద్రపట్టదు.

ముందు పోయేదేమిటో చెబుతాను. పెయిన్ మెడిసిన్‌కు ప్రత్యేక పరీక్షను మత్తు డాక్టర్ల బోర్డు 1993లో మొదలుపెట్టింది. తర్వాత పీఎంఆర్, న్యూరాలజీ వారికీ దారి ఇచ్చారు. ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏసీజీఎంఈ గుర్తింపు ఉన్న చోట పన్నెండు నెలల ఫెలోషిప్ చేసి తీరాలి. మీరు వెయ్యి ఎపిడ్యూరళ్ళు (వెన్నులో నరాల చుట్టూ మందు వేసే సూదులు) చేసి ఉన్నా లెక్కలోకి రావు. కొన్ని పెద్ద ఆసుపత్రులు ప్రివిలేజీలు (అక్కడ వైద్యం చేసే అనుమతి) ఇచ్చేటప్పుడు ఈ బోర్డు అడుగుతాయి, విశ్వవిద్యాలయ ఉద్యోగాల్లో అడుగుతారు, కొన్ని రాష్ట్రాల్లో పెయిన్ క్లినిక్ నడపాలంటే చట్టమే అడుగుతుంది. క్యాన్సర్ నొప్పి, వెన్నులోకి మందు పంపే పంపులు, బోధన, ఇవి మీ మనసులో ఉంటే ఏడాది ఆగండి. నేను చెప్పబోయేది మీకు పనికిరాదు.

మీ మనసులో ఉన్నది నడుం నొప్పి, మెడ నొప్పి, కాలికి దిగే నరం నొప్పి, ఈఎంజీ (నరాలు, కండరాల పనితీరు చూసే పరీక్ష) అయితే మాత్రం పైన చెప్పిన నష్టం చాలావరకు కాగితం మీదిదే. వెన్నెముక శస్త్రచికిత్స చేసే ఎముకల డాక్టర్లను చూడండి. వారి స్పైన్ ఫెలోషిప్పుల్లో ఎక్కువ భాగానికి ఏసీజీఎంఈ గుర్తింపు లేదు. ఎందుకంటే వారి బోర్డు చేతి శస్త్రచికిత్సకు, స్పోర్ట్స్ మెడిసిన్‌కు అదనపు సర్టిఫికెట్ ఇస్తుంది కానీ, వెన్నెముకకు ఇవ్వదు. చివర పరీక్షే లేనప్పుడు గుర్తింపు కోసం ఎవరు తాపత్రయపడతారు? వెన్నులో రాడ్లు, స్క్రూలు బిగించేవారిని పట్టుకుని "అయ్యో" అన్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఆ జాలి సూది పట్టుకున్న మాకే.

గుర్తింపు లేనివన్నీ ఒక్క గాటన కట్టడం కూడా తప్పు. ఇంటర్వెన్షనల్ స్పైన్ అండ్ మస్క్యులోస్కెలిటల్ మెడిసిన్ పేరిట నార్త్ అమెరికన్ స్పైన్ సొసైటీ తన లెక్కన గుర్తించిన ఫెలోషిప్పులు ఉన్నాయి. వాటితో బోర్డు రాదు కానీ, ఏమి నేర్పాలో రాసిపెట్టిన ప్రమాణం అంటూ ఒకటి ఉంటుంది. బోర్డు లేదన్న బెంగతో తర్వాత అలాంటి పేరున్న మరో సర్టిఫికెట్ కొనుక్కునేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అమెరికన్ బోర్డ్ ఆఫ్ పెయిన్ మెడిసిన్ అన్న పేరు వినడానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, కానీ ఏబీఎంఎస్‌ (అమెరికా వైద్య బోర్డుల సమాఖ్య)లోని 24 సభ్య బోర్డుల్లో అది లేదు. పరీక్ష రాయండి, చదువు మంచిదే. ఆసుపత్రి కమిటీ ముందు మాత్రం ఆ రెండూ ఒకటేనని వాదించకండి.

ఇప్పుడు నేను ఎందుకు అంత ధీమాగా చేరమంటున్నానో చెబుతాను. ఫెలోషిప్‌లో ఉండగా ఒక రోజు ఒక పెద్దాయన ఎల్4-ఎల్5 దగ్గర ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ కోసం వచ్చారు. కుడి తొడ ముందు భాగంలో నొప్పి. ఎమ్మారైలో నరాల దారి ఇరుకైందని స్పష్టంగా ఉంది. బీమా కంపెనీ ఎంతో బతిమాలించుకుని అనుమతి ఇచ్చింది. గది సిద్ధం, సీ-ఆర్మ్ (సూది ఎక్కడికి పోతోందో చూపించే ఎక్స్‌రే యంత్రం) సిద్ధం, నేను సీసపు కోటు తొడుక్కుని నిలబడ్డాను. మా గురువుగారికి ఒక అలవాటు ఉంది. బల్ల ఎక్కించే ముందు ప్రతి మనిషినీ మళ్ళీ ఒకసారి నడిపించి చూస్తారు. పెద్దాయన నడక చూసి, కుర్చీలో కూర్చోబెట్టి, కుడి కాలికి మేజోడు తొడుక్కోమన్నారు. పెద్దాయన వెనక్కి వాలి, కాలు ఎత్తబోయి, పక్కకు ఒరిగి, చివరికి మేజోడును దూరం నుంచి వల విసిరినట్టు పాదం మీదికి విసిరారు. కారు దిగేటప్పుడు నొప్పా, నడిచేటప్పుడు నొప్పా అని గురువుగారు అడిగారు. దిగేటప్పుడే ప్రాణం పోతుందన్నారు. ముందుకు వంగితే తగ్గుతుందా? తగ్గదు. పడుకోబెట్టి మోకాలు మడిచి, పాదాన్ని బయటికి తిప్పగానే పెద్దాయన బల్ల అంచు పట్టుకుని, రెండో చేత్తో గజ్జ చూపించారు.

గురువుగారు మాట్లాడకుండా సీసపు కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. తుంటి ఎక్స్‌రే తీయిస్తే కుడివైపు కీలులో ఎముకల మధ్య ఖాళీ అన్నదే మిగలలేదు. ఎమ్మారై అబద్ధం చెప్పలేదు, ఆ వయసులో చాలామంది వెన్ను అలాగే ఉంటుంది. నొప్పి మాత్రం అక్కడిది కాదు. బయట ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిడ ముఖం మాడ్చుకుంది, ఖాళీ అయిన ఆ సమయానికి బిల్లు రాదు మరి. ప్రాక్టీసు సొంతదారు మా గురువుగారే, నష్టం ఆయన జేబుకే. ఆ పెద్దాయనను తుంటి డాక్టరు దగ్గరికి పంపించి, మరుసటి రోగిని పిలిచారు.

రెసిడెన్సీలో ఉండగా పేరున్న, గుర్తింపున్న పెయిన్ విభాగంలో కొన్నాళ్ళు తిరిగాను. ఫెలోలు ఉదయం నుంచి సాయంత్రం దాకా సూదులు వేస్తూనే ఉండేవారు, నడవలోనే సంతకాలు పెట్టించుకునేవారు. రోగి మోకాలి కింద ఏముందో చూసినవారు లేరు. చేయి బాగా తిరిగినవారే, కాదనను. ఏటవాలు ఎక్స్‌రేలో వెన్నుపూస కుక్కబొమ్మలా కనిపించగానే దాని గడ్డం కిందికి సూది దించడం కొన్ని నెలల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. ఈ మనిషికి సూది వద్దు అనే తీర్పు అలా పట్టుబడదు. దాన్ని పక్కన నిలబడి నేర్పేవారు కావాలి. గుర్తింపు ఇచ్చేవారు ఫెలో ఎన్ని ప్రొసీజర్లు చేశాడో లెక్కపెడతారు, ఎన్ని మానేశాడో అడగరు.

అయితే గుర్తింపు లేని చోట్ల చీకటి కోణం కూడా ఉంది. ఏసీజీఎంఈ 2003లో తెచ్చిన వారానికి 80 గంటల పరిమితి అక్కడ వర్తించదు. శిక్షణలో ఉన్నవారితో ఫలానా చోట ప్రాక్టీసు పెట్టకూడదని రాయించుకోవడాన్ని ఏసీజీఎంఈ నిషేధించింది, ఆ రక్షణా ఉండదు. పైగా మీరు అప్పటికే పీఎంఆర్ పూర్తిచేసినవారు కాబట్టి మిమ్మల్ని పూర్తిస్థాయి డాక్టరుగా చూపించి మీ పేరు మీద బిల్లు వేసుకోవచ్చు. బిల్లు డాక్టరుది, జీతం ఫెలోది. నా స్నేహితురాలు ఇలాంటి చోటే ఇరుక్కుంది. పొద్దున ఒక శాఖలో కొత్త రోగులు, సాయంత్రం ఇంకో శాఖలో ఈఎంజీలు, నేర్పాల్సిన పెద్దమనిషి మూడో శాఖలో. ఏడాది చివర ఆ ఊళ్ళో ఉద్యోగం చూసుకోబోతే ఒప్పందంలోని షరతు అడ్డొచ్చింది. అది ఫెలోషిప్ కాదు, చవక చాకిరీ.

వీసా మాట. జె-1 (శిక్షణకు వచ్చే డాక్టర్లకు ఇచ్చే వీసా) మీద ఉన్నవారికి గుర్తింపున్న శిక్షణకు దొరికినంత తేలికగా మిగతావాటికి స్పాన్సర్‌షిప్ దొరకదు. హెచ్-1బీ అయితే విశ్వవిద్యాలయ ఆసుపత్రులు లాటరీ బెడద లేకుండా ఇవ్వగలవు, ప్రైవేటు ప్రాక్టీసుకు సాధారణంగా ఆ వెసులుబాటు లేదు. సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు డబ్బు కట్టి అడగండి, వాట్సాప్ గ్రూపులో సలహాలు ఏరుకోకండి.

ఇంటర్వ్యూలో నేనైతే ఒక ప్రశ్న తప్పక అడుగుతాను: మెడలో ట్రాన్స్‌ఫొరామినల్ సూది (నరం బయటికి వచ్చే రంధ్రం గుండా వేసేది) వేసేటప్పుడు ఏ స్టెరాయిడ్ వాడతారు? "అసలు ఆ దారిన వెళ్ళనే వెళ్ళం" అన్నా మంచి జవాబే, రేణువులు లేని డెక్సామెథసోన్ అన్నా సరే. రేణువులుండే స్టెరాయిడ్ పేరు చెబితే కృతజ్ఞతలు చెప్పి లేచి రండి. ఆ రేణువులు చిన్న ధమనిలోకి పోతే మెదడుకో వెన్నుపాముకో రక్తం ఆగిపోతుంది. ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ల వల్ల అరుదుగానైనా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించవచ్చని ఎఫ్‌డీఏ 2014లోనే హెచ్చరించింది. ఇప్పటికీ పద్ధతి మార్చుకోని వారి దగ్గర ఇంకేమి నేర్చుకుంటారు?

ఆ తర్వాత సీ-ఆర్మ్ గదిలో మీ పక్కన ఎవరుంటారో, ఎన్నాళ్ళ వరకు ఉంటారో అడగండి. పోటీ నిషేధ షరతు ఉందేమో ఒప్పందం తెప్పించుకుని మీరే చదవండి. పోయిన ఏడాది, అంతకు ముందు ఏడాది ఫెలోల ఫోను నంబర్లు అడగండి. నంబర్లు ఇచ్చి "నేను లేనప్పుడు మాట్లాడుకోండి" అంటే చేరిపోండి. నీళ్ళు నమిలితే వద్దు. ఏదైనా మామూలు పీఎంఆర్ ఉద్యోగం చేసుకుంటూ వచ్చే మ్యాచ్‌కు దరఖాస్తు పెట్టండి. జీతం ఎలాగూ ఫెలోషిప్ కంటే మెరుగ్గానే ఉంటుంది.