విశ్వాసి పాపంలో ఎలా పడతాడు? మందలిస్తే ఎలా స్పందించాలి?

పాపం సాధారణంగా ఒక్కసారిగా జరగదు. యాకోబు పత్రిక 1:14-15 ఆ వరుస చెబుతుంది: సొంత దురాశ లాగుతుంది, అది గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం ముదిరి మరణాన్ని కంటుంది. ఇశ్రాయేలు రాజు దావీదు సంగతే చూడండి (2 సమూయేలు 11, 12). స్నానం చేస్తున్న ఒక స్త్రీని మేడ మీద నుంచి చూశాడు, ఆమె ఎవరో ఆరా తీశాడు, తన సైనికుడు ఊరియా భార్య అని తెలిసీ పిలిపించాడు. ఆమె గర్భవతి అయ్యాక, విషయం బయటపడకుండా ఊరియాను యుద్ధంలో చంపించాడు. నా దృష్టిలో మొదటి తప్పు కంటే ఈ కప్పిపుచ్చుకోవడమే అతన్ని ఎక్కువ దిగజార్చింది.

నాతాను ప్రవక్త నేరుగా నిలదీయలేదు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, ఆ మనిషివి నువ్వే అన్నాడు. దావీదు సాకులు చెప్పకుండా ఒప్పుకున్నాడు. క్షమాపణ దొరికింది, కానీ పర్యవసానాలు తప్పలేదు (చాలామంది ఇది మర్చిపోతారు). దేవుని ఆజ్ఞ మీరినందుకు సమూయేలు ప్రవక్త నిలదీస్తే, పాపం చేశానని దావీదుకు ముందు రాజైన సౌలూ అన్నాడు (1 సమూయేలు 15). కానీ నెపం ప్రజల మీదికి నెట్టాడు, పైగా పెద్దల ముందు తన పరువు నిలపమని సమూయేలును బతిమాలాడు. మాట ఒకటే, మనసు వేరు.

మందలించేవారికీ హద్దులున్నాయి. మత్తయి 18:15-17 ప్రకారం ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరితో వెళ్లాలి, సంఘానికి చెప్పడం ఆ తర్వాతే. గలతీ 6:1 అయితే సాత్వికంగా సరిదిద్దమంటూనే, నువ్వూ శోధనలో పడొచ్చు, చూసుకో అంటుంది.