తీసిన డిస్కును పారేయకండి

ప్రశ్న: మేడమ్, గుంటూరు అరండల్‌పేటలో మాది ఫొటో స్టూడియో. లినక్స్ మీద నాలుగు 4 టీబీ డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి డేటా లెక్కగట్టి తెచ్చుకునే ఏర్పాటు) పెట్టుకుని, మూడేళ్ల పెళ్లి వీడియోలన్నీ అందులోనే దాచాం. ఒక డిస్కు ఎర్రర్లు చూపిస్తుంటే తీసేసి కొత్తది బిగించాను. రీబిల్డ్, అంటే మిగతావాటి నుంచి కొత్త డిస్కును నింపడం, 61 శాతం దాకా వచ్చి ఆగిపోయింది. బాగున్నదనుకున్న ఇంకో డిస్కు కూడా ఫెయిలయిందని వస్తోంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రిపోర్టులో దానికి పెండింగ్ సెక్టర్లు (చదవలేకపోతున్న చిన్న ముక్కలు) 24 అని ఉంది. ఫోల్డర్లేవీ తెరుచుకోవడం లేదు. మాఘమాసంలో తీసిన పదకొండు పెళ్లిళ్లు ఇంకా డెలివరీ ఇవ్వలేదు. తెలిసినతను రెయిడ్‌ని మళ్లీ కొత్తగా క్రియేట్ చేస్తే సరిపోతుందంటున్నాడు. చేయమంటారా?

జవాబు: చేయకండి. ముందు ఆ కంప్యూటర్ ఆపేసి, తర్వాత ఇది చదవండి. క్రియేట్ అంటే పాత లెక్కల మీద కొత్త లెక్క రాసేయడం. డిస్కుల వరస ఒక్కటి తారుమారైనా, రీబిల్డ్ మొదలైపోయి మంచి డేటా మీద చెత్త పడుతుంది. విజయవాడ గవర్నర్‌పేటలో నా షాపుకొచ్చే కేసుల్లో తిరిగి తీయలేనివి ఎక్కువగా ఇలా చేసి తెచ్చినవే. డిస్కు చెడిపోవడం కన్నా కంగారులో కొట్టిన కమాండే ఎక్కువ నష్టం చేస్తుంది.

మీ డేటా చాలావరకు అక్కడే ఉంది. 24 సెక్టర్లంటే ఒక్కోటి 4 కేబీ వేసుకున్నా వంద కేబీ కాదు. అంత చిన్న ముక్క కోసం అంత పెద్ద రెయిడ్ ఎందుకు పడుకుందంటే, మామూలు డెస్క్‌టాప్ డిస్కు చదవలేని చోటు తగిలితే వదలకుండా నిమిషం, రెండు నిమిషాలు ప్రయత్నిస్తూనే ఉంటుంది. లినక్స్ మాత్రం 30 సెకన్లు చూసి, జవాబు రాలేదని లింకు రీసెట్ చేస్తుంది. ఆ గందరగోళంలో బతికున్న డిస్కును కూడా రెయిడ్ బయటికి నెట్టేస్తుంది. మీకు జరిగింది ఇదే అయ్యుండాలి. కెర్నెల్ లాగ్‌లో (లినక్స్ రాసుకునే చిట్టాలో) రీసెట్ మెసేజులు కనిపిస్తే ఖాయం.

ఇప్పుడు చేయాల్సింది. ఆ రెండో డిస్కుకు సమానమైనదో అంతకన్నా పెద్దదో ఒక ఖాళీ డిస్కు కొని, చెడిన డిస్కుల్లోంచి డేటా తీసే గ్నూ డీడీరెస్క్యూ ప్రోగ్రాంతో దాన్ని మొత్తం క్లోన్ (అచ్చు నకలు) చేయండి. మ్యాప్ ఫైలు ఇవ్వడం మరవొద్దు. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది, చివరికి ఏ సెక్టర్లు రాలేదో కూడా అందులోనే ఉంటుంది. ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుని, మొండివాటి దగ్గరికి తర్వాత వెళ్తుంది. అందుకే నాకు ఆ ప్రోగ్రామంటే అంత గౌరవం. క్లోన్ అయ్యాక అసలు డిస్కును పెట్టెలోంచి తీసేయండి. రెండింటికీ ఒకే గుర్తింపు ఉంటుంది కాబట్టి కలిపి పెడితే రెయిడ్ తికమకపడుతుంది. సగం రీబిల్డయిన కొత్త డిస్కునీ పక్కన పెట్టండి. మిగిలిన రెండు మంచివీ, ఈ క్లోనూ, మొత్తం మూడింటితో, లినక్స్‌లో రెయిడ్ నడిపే కమాండ్ ఎండీఆడ్మ్‌లో అసెంబుల్‌కి ఫోర్స్ కలిపి లేపండి. లేచాక రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే, మౌంట్ చేసి, ఆ పదకొండు పెళ్లిళ్లను ముందు వేరే డిస్కులోకి కాపీ చేయండి. రిపేర్లు ఆ తర్వాత. రాని సెక్టర్లు సున్నాలుగా ఉంటాయి. ఏదో ఒక తలంబ్రాల క్లిప్‌లో ఒక క్షణం బొమ్మ చెదరొచ్చు, పెళ్లి మొత్తం పోదు. ఆ సున్నాలు ఫైల్ సిస్టం లెక్కల్లో పడితే కొన్ని ఫోల్డర్లు ఇబ్బంది పెట్టొచ్చు, కానీ ఆ అవకాశం తక్కువ.

మొదట మీరు తీసేసిన డిస్కు ఎక్కడుంది? చెత్తబుట్టలో వేసుంటే వెళ్లి తెచ్చుకోండి. దాన్ని తీశాక రెయిడ్‌లో కొత్తగా ఏమీ రాయకపోతే, అందులో ఉన్నది దాదాపు తాజా డేటాయే. క్లోన్‌లో రాని ముక్కలకు అదే ఆఖరి ఆధారం.

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతోంది. ఎర్రర్లు చూపించే డిస్కు చచ్చిన డిస్కు కాదు. దాన్ని తీసేసిన క్షణం నుంచి మిగతా మూడూ ఒక్క తప్పు లేకుండా చదవాలి, మీ విషయంలో 12 టీబీ. ఇలాంటి డిస్కుల స్పెసిఫికేషన్‌లో చదవలేని తప్పు 10 మీద 14 ఘాతం బిట్లకు ఒకటి మించదని రాస్తారు. అంటే 12.5 టీబీకి ఒకటి. నిజానికి డిస్కులు అంతకన్నా మెరుగ్గానే పనిచేస్తాయి, కానీ మీరు ఎంత అంచు మీద నడిచారో ఆ అంకె చెబుతుంది. పాతది ఉండగానే కొత్తది అయిదో పోర్టుకు తగిలించి, స్పేర్‌గా చేర్చి, ఎండీఆడ్మ్‌లో రీప్లేస్ అనాలి. లినక్స్ కెర్నెల్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి ఆ సదుపాయం ఉంది. చదవగలిగినంత పాత డిస్కులోంచే తీసుకుని, రాని చోటు మాత్రమే మిగతావాటి నుంచి లెక్కగడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్ పని కూడా తానే చేసుకునే ఫైల్ సిస్టం) వాడేవాళ్లు కూడా పాతది తీయకుండానే రీప్లేస్ చేయొచ్చు.

మార్చేముందు స్మార్ట్‌లో 199 నంబరు (కేబుల్ దారిలో డేటా పాడైన లెక్క) కూడా చూడండి. 5 (చెడి మార్చేసిన సెక్టర్లు), 197 (పెండింగ్ సెక్టర్లు) నంబర్లు పెరిగితే డిస్కు లోపం. 199 ఒక్కటే పెరుగుతుంటే సాధారణంగా కేబులే. ఇది తెలియక నేనొకసారి ఒక క్లినిక్ వాళ్ల డిస్కులు రెండు మార్పించాను. మూడోదానికీ అవే ఎర్రర్లు వస్తే అప్పుడు సాటా కేబుల్ మార్చాను, అంతటితో ఆగిపోయాయి. వాళ్ల డబ్బు వెనక్కిచ్చాను.

ఇంకొకటి. రెయిడ్ బ్యాకప్ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ నుంచి నా దగ్గరికొచ్చిన పెట్టెల్లో అన్ని డిస్కులూ ఒకే బురదలో ఉన్నాయి. ఆ పదకొండు పెళ్లిళ్ల రెండో కాపీ స్టూడియోలో కాదు, మీ ఇంట్లో పెట్టండి.

ప్రశ్న: విజయవాడ పటమటలో మా ల్యాబ్ సర్వర్‌లో ఎస్‌డీసీ (లినక్స్ ఒక డిస్కుకు పెట్టిన పేరు) చెడిపోయిందని వచ్చింది. మూడో డిస్కు తీశాను. మంచిదే తీశానని తర్వాత తెలిసింది. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: ఆ అక్షరాలు రీబూట్ చేస్తే మారిపోవచ్చు, పోర్టుల వరసతో సంబంధం ఉండాలనీ లేదు. నమ్మాల్సింది సీరియల్ నంబరునే. స్మార్ట్ వివరాలు చూపించే కమాండ్ స్మార్ట్‌సీటీఎల్‌లో కనిపించే నంబరూ, డిస్కు మీద అచ్చయిన నంబరూ ఒకటైతేనే చెయ్యి వేయండి. ఈసారి పెట్టె తెరిచినప్పుడు ఆ నంబరు చివరి నాలుగంకెలు స్టిక్కర్ మీద రాసి, డిస్కు అంచున కనిపించేలా అంటించండి. మీరు తీసిన మంచిదాన్ని, రెయిడ్ ఇంకా నడుస్తుంటే, రీ యాడ్‌తో కలపండి. బిట్‌మ్యాప్ (ఎక్కడెక్కడ మారిందో రెయిడ్ రాసుకునే గుర్తులు) పెట్టుకుని ఉంటే మధ్యలో మారినంత వరకే రాసుకుని నిమిషాల్లో చేరిపోతుంది. అది పూర్తయ్యేదాకా ఎస్‌డీసీ జోలికి వెళ్లకండి.