తాళపత్రాలు కాపాడే పనికి కెమిస్ట్రీ ఎందుకు?

ప్రశ్న: మా పాప కడపలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ వాళ్లతో బ్రౌన్ లైబ్రరీకి వెళ్లి తాళపత్రాలు చూసొచ్చినప్పటి నుంచి మ్యూజియం వస్తువులను కాపాడే పనే చేస్తానంటోంది. దుమ్ము దులిపే ఉద్యోగానికి ఇంత చదువెందుకని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, చదివించండి. ఆ పనికి కావలసింది కెమిస్ట్రీనే.

తాళపత్రానికి దుమ్ము కన్నా పెద్ద శత్రువు గాలిలో తేమ. మన వైపు ఏప్రిల్, మేలో గాలి ఎండిపోయి ఆకు పెళుసుబారుతుంది. కట్ట విప్పబోతే తాడు దూర్చిన రంధ్రం దగ్గరే చిట్లుతుంది. అక్టోబరు వానలకు తేమ 65 శాతం దాటి అలాగే నిలిచిందంటే బూజు పడుతుంది. అందుకని ఏడాది పొడవునా 50 శాతానికి కాస్త అటూ ఇటూగా ఉంచాలని చూస్తారు. అంకె కన్నా నిలకడ ముఖ్యం. పగలంతా ఏసీ వేసి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఆపేస్తే, వానాకాలపు తడిగాలి చల్లటి గదిలోకి చేరి తేమ శాతం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆకు రోజూ ఉబ్బుతూ, కుంచించుకుంటూ పాడవుతుంది. ఏసీ ఉంది కదా అని నిశ్చింతగా వదిలేసిన గదులు చూశాను, చాలా బాధేసింది. మన పెద్దలు రెండు చెక్కల మధ్య బిగించి, బట్టలో చుట్టి పెట్టడం వెనకా ఈ లెక్కే ఉంది: బయటి మార్పు లోపలి ఆకుకు నెమ్మదిగా తెలుస్తుంది. ఇక కంచు విగ్రహాల్లో క్లోరైడ్లు చేరి తేమ తగిలితే లేత పచ్చటి పొడి రాలుతుంది. అదెందుకో పాపనే అడగండి, చెబుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయమనండి. తేమ కొలిచే డిజిటల్ మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంతవరకే నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచాలి. పొద్దున అది 75 చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు 5 తక్కువ చెబుతున్నట్టు. ఆ తేడా కలుపుకుని, పుస్తకాల బీరువాలో తేమ ఎంతుందో నెల రోజులు ఉదయం, సాయంత్రం రాసుకోమనండి. విసుగు లేకుండా రాసిందంటే ఈ పని ఆమెకు సరిపడినట్టే. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఆ నోట్‌బుక్కే ఎక్కువ మాట్లాడుతుంది.

చదువంటే, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్‌లో ఎంఏ ఉంది. దీని పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో 1952 నుంచి మ్యూజియాలజీ (మ్యూజియాల నిర్వహణకు సంబంధించిన చదువు) చెబుతున్నారు. లక్నోలోని ఎన్ఆర్ఎల్‌సీ (సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనశాల) శిక్షణ ఇస్తుంది.

వాళ్ల నాన్నగారి టెన్షన్‌లో అర్థం లేకపోలేదు. పురావస్తు శాఖలో, సాలార్‌జంగ్ లాంటి మ్యూజియాల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. మొదట కొన్నేళ్లు కాంట్రాక్టు ప్రాజెక్టుల మీదే గడవచ్చు. కాబట్టి బీఎస్సీ మార్కులు తగ్గనివ్వకుండా, ఆఖరి సంవత్సరంలో పైన చెప్పిన కోర్సులతో పాటు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఎంట్రన్స్ కూడా రాయించండి.