హరికేన్‌కు రంగు వేసే మేనల్లుడికి

కాజీపేట

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీర్వాదాలు.

నువ్వు మొదటిసారి కట్టిన ప్లాస్టిక్ విమానం బొమ్మ ఫొటోలు మూడుసార్లు చూశాను. రెక్కల మీద కుంచె చారలు, కాక్‌పిట్ అద్దం మీద వేలిముద్ర, గుర్తుల చుట్టూ వెండి పొరలాంటి మెరుపు. "రంగు మంచిది కాదు మామయ్యా, వేరే కంపెనీది తెప్పిస్తాను" అని రాశావు. రంగు మంచిదే. మరో సీసా మీద డబ్బు పెట్టకు. నువ్వు విమానాన్ని చిన్నది చేశావు, దాని మీద పూతను మాత్రం చిన్నది చేయలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

బొమ్మ కొలత 1/72, అంటే అసలులో 72వ వంతు. ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడు. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్ రెక్కల కొస నుంచి కొసకు 40 అడుగులు. నీ బల్ల మీద అది 17 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఈ లెక్క నీకు తెలుసు. ఇప్పుడు రంగుకు కూడా అదే లెక్క వేసి చూడు. నీ పూత మిల్లీమీటరులో పదో వంతు మందం ఉందనుకో, అసలు విమానం మీద అది ఏడు మిల్లీమీటర్ల పూత. అంత మందంగా గోడకు కూడా సున్నం వేయరు. ఇంకో లెక్క. బొమ్మను నీ కళ్లకు ఒక అడుగు దూరంలో పట్టుకుంటే, అసలు విమానానికి 72 అడుగుల దూరంలో నిలబడినట్లు. అంటే సుమారుగా ఒక రైలు పెట్టె పొడవు. ఈసారి స్టేషనుకు వచ్చినప్పుడు పెట్టె ఈ చివర నిలబడి ఆ చివరి తలుపు చూడు. రివెట్లు కనిపిస్తాయా? మెరుపు ఎంత తగ్గిందో, రంగు ఎంత వెలిసినట్లు ఉందో గమనించు. నీ కుంచెకు అంతకు మించి పని లేదు. షెడ్డులో ఇంజన్ల దగ్గర ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసిన నాకు దగ్గరి చూపు అలవాటు. ఆ అలవాటు మానుకోవడానికి నాకు అయిదారు బొమ్మలు పట్టింది.

రెండో బొమ్మగా అదే కాలపు ఇంకో బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ వద్దు, హరికేనే చేయమని నేనెందుకు పట్టుబట్టానో చెబుతాను. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్ అనే వైమానిక దళానికి విమానాలు ఇచ్చాడు. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాద్ పేరు చేరింది. 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 253వ స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది. ఆ ఖజానా ఎవరి శిస్తుతో నిండిందో ఓరుగల్లు పల్లెల్లో పుట్టిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఇంగ్లండు ఆకాశంలో తిరిగిన యంత్రం పక్కన మన పేరు ఉందంటే, దాన్ని మన చేతులతో ఒకసారి కట్టి చూడాలని నాకు గట్టి కోరిక.

1940 ఆగస్టు చివర 253 స్క్వాడ్రన్ లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీ నుంచి యుద్ధం చేసింది. 31వ తేదీన దాని నాయకుల్లో ఒకడైన టామ్ గ్లీవ్ విమానం మంటల్లో చిక్కుకుంది. రెక్క మొదట్లో ఉన్న ఇంధన ట్యాంకు అంటుకుంది. ఒళ్లు కాలిపోయినా పారాచూట్‌తో దూకి బతికాడు. ఆర్చిబాల్డ్ మెకిండో అనే శస్త్రవైద్యుడు అతని ముఖాన్ని చర్మపు అతుకులతో తిరిగి నిలబెట్టాడు. అలా చికిత్స పొందిన వైమానికుల సంఘానికి తరువాత గ్లీవే పెద్ద అయ్యాడు. కాక్‌పిట్ లోపలి భాగాలు బిగించేటప్పుడు ఇది గుర్తుంచుకో. రెక్క మొదళ్లలో రెండు ట్యాంకులు, పరికరాల పలకకు ముందు ఇంకొకటి. ఇంధనం మధ్యలో కూర్చున్న మనిషి అతను. ఆ సీటు పట్టీలను నిర్లక్ష్యంగా అతికించడం నాకు చేత కాదు.

ఇక పని. ముందు స్ప్రూలన్నింటినీ, అంటే భాగాలు అతికి వచ్చే ప్లాస్టిక్ చట్రాలను, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి కడుగు. అచ్చు నుంచి ఊడి రావడానికి కంపెనీవాళ్లు పూసే జిడ్డు దాని మీద ఉంటుంది. మొదటి బొమ్మకు రంగు ఊడిపోయిందన్నావే, కారణం అదే అయి ఉంటుంది. ఆరాక భాగాలను చేత్తో విరవకు, నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొక్కను బ్లేడుతో చెక్కు. బ్లేడు ఎప్పుడూ వేళ్ల నుంచి బయటికి కదలాలి. కూర్చునే చోట కొత్తవాడ జంఖానా తీసేసి తెల్ల దుప్పటి పరుచు. చిన్న భాగం జంఖానా చారల్లో పడిందంటే తిరిగి దొరకదు.

అతికించే ముందు ప్రతి జతను పొడిగా పెట్టి చూడు. ఈ ఒక్క పనికే ఒక సాయంత్రం పోయినా ఫరవాలేదు. జిగురుగా ప్లాస్టిక్ బొమ్మలకు దొరికే పలచని సిమెంటే వాడు. రెండు ముక్కలను కలిపి పట్టుకుని కుంచె కొసను గీత దగ్గర ఆనిస్తే చాలు, అదే లోపలికి పాకి ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. హరికేన్‌లో రెక్కల కోణం దగ్గర జాగ్రత్త. నడుమ భాగం బల్లపరుపుగా ఉంటుంది, బయటి రెక్కలు అక్కడి నుంచి పైకి లేస్తాయి. రెండు వైపులా సమానంగా లేచాయో లేదో ఎదురుగా కూర్చుని, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూడు. జిగురు ఆరేదాకా రెక్కల కింద అగ్గిపెట్టెలు పెట్టి ఉంచు. తోక కూడా అదే చూపుతో సరిచేయాలి. ఇక్కడ తేడా వస్తే తరువాత ఏ రంగూ దాన్ని సరిచేయదు.

అతుకుల విషయంలో నాకు గురువులు నిర్మల్ కళాకారులు. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లినప్పుడల్లా నిర్మల్‌లో ఆగి వాళ్ల పని చూసేవాణ్ణి. పొనికి చెక్కతో చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ ముద్దతోనే అతుకు పూడుస్తారు. తరువాత నునుపు చేసి, తెల్ల సుద్ద పూసి, అప్పుడే రంగుల జోలికి వెళతారు. రంగు వేయడం కంటే దానికి ముందు పనికే వాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది. మనమూ అంతే. విమానం ఒంటి రెండు సగాలు కలిసిన గీత మీద లప్పం పెట్టి, ఆరాక వాటర్ పేపర్ నీళ్లలో తడిపి 400 నంబరుతో మొదలుపెట్టి 600, 1000 దాకా రుద్దు. పైన సన్నగా ప్రైమర్ అనే అడుగు పూత వేసి కిటికీ వెలుతురులో వాలుగా పట్టి చూడు. అప్పటిదాకా కనబడని గీతలన్నీ బయటికి వస్తాయి. వస్తే మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. నేను మూడుసార్లు చేసిన రోజులు ఉన్నాయి.

ఒక చోట మాత్రం చేయి బిగపట్టు. హరికేన్ వెనుక భాగం లోహపు రేకు కాదు. ఉక్కు గొట్టాల మీద చెక్క బద్దలు కట్టి, పైన నారబట్ట లాగి, డోపు అనే వార్నిష్ లాంటి పూత పూసి బిగించారు. ఫిరంగి గుండు ఒక్కోసారి పేలకుండానే బట్టలోంచి దూసుకుపోయేది. చిరిగిన చోట అతుకు వేసి విమానాన్ని తొందరగా ఎగిరించేవారు. నీ బొమ్మ మీద వెనుక సన్నగా తేలిన గీతలు ఆ బద్దల ఆనవాళ్లు. లప్పం రుద్దేటప్పుడు వాటిని చెరిపేశావంటే హరికేన్ హరికేన్ కాకుండా పోతుంది. అతుకు గీతకు రెండు వైపులా టేపు వేసి, మధ్యలోనే రుద్దు.

ఇప్పుడు రంగు. 1940 ఆగస్టులో దీనికి పైన మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ మెలికలు, కింద స్కై అనే లేత ఆకుపచ్చ ఛాయ. కాక్‌పిట్ లోపల బూడిద కలిసిన ఆకుపచ్చ. తామియా కంపెనీ రంగుల్లో స్కై నంబరు ఎక్స్‌ఎఫ్ 21. హంబ్రోల్ కంపెనీ రంగుల్లో మట్టిరంగు 29, ఆకుపచ్చ 30. పైరంగులకు నేను ఇంకో పని చేస్తాను, ఒకటి రెండు చుక్కలు తెలుపు కలుపుతాను. 72 అడుగుల దూరం నుంచి చూసే రంగు సీసాలోని రంగు కంటే వెలిసి ఉంటుంది కదా.

ముందు కింద స్కై, తరువాత పైనంతా మట్టిరంగు, అది బాగా ఆరాక పెన్సిలుతో మెలికలు గీసుకుని ఆకుపచ్చ. రంగును పాలలాగా పలచగా కలుపు. మొదటి పూతకు ప్లాస్టిక్ కనబడుతుంది, మచ్చలు మచ్చలుగా అసహ్యంగా ఉంటుంది. నువ్వు అక్కడే భయపడి రెండోసారి ముంచి పూశావు, చారలు అందుకే పడ్డాయి. భయపడకు. చదునైన మెత్తని కుంచెతో ఒకే దిశలో పూసి, వదిలేయి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా. మూడు, నాలుగు పూతలకు అన్నీ కలిసిపోతాయి. పూసిన చోటికి తడి ఉండగా కుంచె మళ్లీ తీసుకెళ్లడమే అసలు తప్పు.

మన ఊరి ఎండలూ వానలూ పెట్టెలోని కాగితంలో రాసి ఉండవు. మే నెలలో మధ్యాహ్నం అక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోయి లాగుతుంది. ఆ నెలలో నేను తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటాను, ఏడింటికి మూతలు బిగిస్తాను. ఫ్యాను కిందైతే అసలే వద్దు. వానాకాలంలో తిప్పలు వేరు. ఒక శ్రావణంలో, ముసురు పట్టిన సాయంత్రం, పూర్తయిన స్పిట్‌ఫైర్ మీద మెరుపు లేని వార్నిష్ స్ప్రే చేశాను. గాలిలో తేమ పూతలోకి చేరి, పది నిమిషాల్లో విమానమంతా పాలు పోసినట్లు తెల్లబడింది. రెండు నెలల పని. అది ఇంకా నా అలమరలో ఉంది, తీసేయడానికి మనసు రాలేదు. వార్నిష్‌కు పొడి రోజు దాకా ఆగు, పది రోజులైనా సరే. స్ప్రే చేసేది మిద్దె మీద, ముక్కుకు మాస్కు పెట్టుకుని.

గుర్తుల చుట్టూ వెండి మెరుపు గురించి అడిగావు. మెరుపు లేని రంగు సూక్ష్మంగా గరుకుగా ఉంటుంది. డీకాల్ కింద, అంటే నీళ్లతో అంటించే ఆ గుర్తుల కింద, ఆ గరుకులో గాలి చిక్కుకుని మెరుస్తుంది. అందుకని డీకాల్ వేయబోయే ముందు మెరిసే వార్నిష్ ఒక పూత వేయి. డీకాల్‌ను నీళ్లలో ముంచి, కాగితం మీద నుంచి జార్చి, తడి కుంచెతో చోటుకు చేర్చి, మెత్తబరిచే ద్రవం ఒక చుక్క వేయి. కాసేపు ముడతలు పడుతుంది. వేలు పెట్టకు, దానంతట అదే సర్దుకుంటుంది. రెక్కల పైవైపు ఉండే గుండ్రటి గుర్తుల్లో తెలుపు ఉండదు, ఎరుపు, నీలం మాత్రమే. ఒంటి మీది గుండ్రటి గుర్తుకు పసుపు అంచు ఉంటుంది. 253 స్క్వాడ్రన్‌కు ఎస్, డబ్ల్యూ అక్షరాలు బూడిదరంగులో. నీ పెట్టెలో అవి లేకపోతే అక్షరాల షీట్ నా దగ్గర ఉంది.

రెక్క ముందు అంచున ఎనిమిది తుపాకుల మూతుల మీద ఎర్ర బట్ట ముక్కలు అతికించేవారు, దుమ్మూ తేమా పోకుండా. కాల్చితే అవి చిరిగిపోయేవి. తిరిగి వచ్చిన విమానానికి ఆ ముక్కలు చిరిగి ఉంటే, పైలట్ దిగకముందే నేల మీది మెకానిక్‌కు విషయం తెలిసిపోయేది. అందుకే ముందే నిర్ణయించుకో, నీ హరికేన్ బయలుదేరబోతున్నదా, తిరిగి వచ్చినదా? బయలుదేరబోయేదైతే ఎర్ర ముక్కలు చక్కగా ఉండాలి. తిరిగి వచ్చినదైతే తుపాకీ రంధ్రాలు నల్లగా, రెక్క కింద వెనక్కి సాగిన పొగ మరకలు. రెండూ కలపకు. మరకలకు పెన్సిలు ముక్కు పొడిని మెత్తని కుంచెతో అద్దితే చాలు. పొగగొట్టాల వెనుక కూడా అంతే. వేశాక అడుగు దూరంలో పెట్టుకుని చూడు, మరక ముందు కనబడి విమానం తరువాత కనబడితే సగం తుడిచేయి. ఈ మధ్య బొమ్మలకు తుప్పు, బురద దట్టంగా పూయడం చాలామందికి ఇష్టంగా ఉంది. నాకు అది నచ్చదు. ఆ విమానాల్లో చాలావాటికి కొన్ని వారాలకు మించి ఆయుష్షు లేదు, తుప్పు పట్టే తీరిక వాటికి ఎక్కడిది?

అద్దాన్ని సూపర్ గ్లూతో అతికించకు, దాని ఆవిరికి లోపల తెల్లగా మసకబారుతుంది. తెల్ల ఫెవికాల్ వాడు, ఆరితే కనబడదు, ఎక్కువైతే తడిబట్టతో తుడవచ్చు. అద్దాన్ని పట్టుకునేటప్పుడు వేలితో కాక, కొసకు కాస్త బంకమట్టి పెట్టిన అగ్గిపుల్లతో ఎత్తు.

చక్రాలు, ప్రొపెల్లర్, యాంటెన్నా కంబం అన్నింటికంటే చివర. యాంటెన్నా తీగకు స్ప్రూ ముక్కను దీపం మంటకు కాస్త ఎత్తులో వేడిచేసి, మెత్తబడగానే మంట నుంచి పక్కకు తీసి, రెండు చేతులా నెమ్మదిగా లాగితే వెంట్రుకంత సన్నని దారం వస్తుంది. మొదటి నాలుగైదు తెగిపోతాయి. స్ప్రూకు కొదవ లేదు కదా.

కొత్త కిట్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఈ వారం కడగడం, పొడిగా అమర్చి చూడడం వరకే చేయి, జిగురు సీసా తెరవకు. ఆదివారం పొద్దున హనుమకొండ నుంచి బస్సెక్కి పెట్టెతో సహా వచ్చేయి. రెక్కల కోణం ఇద్దరం కలిసి చూద్దాం. నా పాత తెల్లబడ్డ స్పిట్‌ఫైర్‌ను కూడా నీకు చూపిస్తాను. దాని పూత గీకి మళ్లీ రంగు వేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను, నీ చేతులు తోడుంటే మొదలుపెడతాను.

నీ మేనమామ