ఆర్మీలో చేరి వరద సహాయం ఒక్కటే చేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలి కుటుంబాన్ని పడవలో బయటికి తెచ్చారు. అప్పటి నుంచి ‘ఆర్మీలో చేరతా’ అంటున్నాడు. బీటెక్ మాటెత్తితే మొహం ముడుచుకుంటున్నాడు. కశ్మీర్ పోస్టింగ్ అంటే మా ఇంట్లో అందరికీ టెన్షనే. ఆర్మీలో వరదలు, భూకంపాల్లో సహాయం మాత్రమే చేసే విభాగం ఉందా? – ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: ముందు మీ చెల్లెలిని ఒక మాట అడగండి. ఆ పడవలో వచ్చినవాళ్లు నారింజ రంగు యూనిఫాంలో ఉన్నారా? ఉంటే వాళ్లు ఆర్మీ కాదు, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, అంటే ఎన్డీఆర్ఎఫ్ అయి ఉంటారు. ఆ వరదలో ఆర్మీ ఇంజనీర్లు సికింద్రాబాద్ నుంచి వచ్చి బుడమేరు గండ్లు పూడ్చే పనిలో దిగారు. బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ చేరే దారులు వేరు.

ఇక మీరడిగిన విభాగం ఆర్మీలో లేదు. విపత్తు వచ్చినప్పుడు దగ్గర్లో ఏ యూనిట్ ఉంటే అది కదులుతుంది. ఇంజనీర్లకు పడవలు, వంతెనల పని ఎక్కువ. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక చూరల్‌మల దగ్గర బెయిలీ వంతెన (ఇనుప విడిభాగాలు బిగించి త్వరగా కట్టేది) కట్టింది బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపువాళ్లే. కానీ ఆ ఇంజనీర్లనూ రేపు కశ్మీర్‌కు పంపొచ్చు.

అక్కడ తీవ్రవాదులతో పోరాడటానికి 1990లో రాష్ట్రీయ రైఫిల్స్‌ను ఏర్పాటు చేశారు. దానికి నేరుగా భర్తీ ఉండదు. ఇన్‌ఫాంట్రీ (కాల్బలం)తో పాటు ఆర్టిలరీ (ఫిరంగి దళం), ఇంజనీర్లు, సిగ్నల్స్ (సమాచార వ్యవస్థ) లాంటి విభాగాల నుంచి రెండు మూడేళ్లకని పంపుతారు. కాబట్టి ‘ఇంజనీర్స్ తీసుకుంటే కశ్మీర్ తప్పుతుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

అక్కడ పోరాటం, సహాయం రెండూ ఎంతగా కలిసిపోతాయో మీ అబ్బాయికీ తెలియాలి. 2005 అక్టోబరు 8న భూకంపం వచ్చినప్పుడు ఉరి, తంగ్‌ధార్ వైపు ఊళ్లు కూలాయి. నియంత్రణ రేఖ వెంట బంకర్లు కూలి జవాన్లూ చనిపోయారు. బతికినవాళ్లే శిథిలాలు తవ్వి, గుడారాలూ మందులూ మోసుకెళ్లారు. 2014 సెప్టెంబరులో జీలం పొంగితే శ్రీనగర్‌లో ఆర్మీ ఉండే బాదామీబాగ్ కంటోన్మెంట్ కూడా మునిగింది. తమ ఇళ్లలో నీళ్లుండగానే జవాన్లు ఊరివాళ్ల కోసం పడవలేసుకుని వెళ్లారు. ఆర్మీ, వైమానిక దళం, ఎన్డీఆర్ఎఫ్ కలిసి 2 లక్షల మందికి పైగా కాపాడారు. అయినా సాయం ఆలస్యమైందన్న కోపంతో కొన్నిచోట్ల జనం సహాయ బృందాల మీద రాళ్లు విసిరారు. చేసిన పనికి చప్పట్లు రావాలనుకునేవాళ్లకు ఆ చోటు సరిపడదు.

మామూలు రోజుల్లో పని ఇంకా కష్టం. సమాచారం అందగానే చీకట్లోనే ఊరిని చుట్టుముడతారు. కార్డన్ అంటారు దాన్ని. యాపిల్ తోటలో, పొలం గట్టున, చలిలో గంటల తరబడి కదలకుండా పడుకోవాలి. ఎదురుగా ఇంటి తలుపు తెరుచుకుంటే వచ్చేది తుపాకీ పట్టుకున్నవాడు కావచ్చు, నీళ్లకోసం లేచిన ముసలావిడ కావచ్చు. ఆ క్షణంలో కాల్చాలో ఆగాలో చెప్పాల్సింది నిండా పాతికేళ్లు లేని లెఫ్టినెంట్. పట్టుకున్న మనిషిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలని, ఆర్మీకి అక్కడ ప్రత్యేక అధికారాలిచ్చిన చట్టమే చెబుతోంది.

అందరూ గీత దాటకుండా ఉన్నారనీ కాదు. 2010లో కశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గరి మాచిల్ సెక్టార్‌లో చొరబాటుదారులంటూ ఆర్మీవాళ్లు చంపింది ముగ్గురు స్థానిక యువకులనని బయటపడింది. ఆ వేసవి లోయంతా అట్టుడికింది. 2014లో కోర్టు మార్షల్, అంటే ఆర్మీ సొంత న్యాయ విచారణ, ఆ ఆర్మీవాళ్లకే యావజ్జీవం వేసింది. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపివేసింది. అదే మాచిల్‌లో 2020 నవంబరులో జరిగిన ఎదురుకాల్పుల్లో చనిపోయిన జవాన్లలో నిజామాబాద్, చిత్తూరు జిల్లాల వాళ్లున్నారు. ఈ రెండు సంగతులూ అబ్బాయి ముందు పెట్టండి. రీల్స్‌లో వాడికి ఇవేవీ కనిపించవు.

విన్నాక కూడా ఆర్మీయే అంటే అడ్డుపడకండి. ఎంపీసీ కుర్రాడికి నా మొదటి సలహా ఎన్డీఏ, అంటే ఇంటర్‌తోనే ఆఫీసర్ శిక్షణకు తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ. పదహారున్నర నుంచి పందొమ్మిదున్నర ఏళ్ల మధ్య రాయొచ్చు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600. మనవాళ్లు మ్యాథ్స్‌లో నెట్టుకొచ్చి, అయిదు రోజుల ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూలో నోరు పెగలక ఆగిపోతుంటారు. ఇప్పటినుంచే రోజూ పేపరు చదివి, చదివింది ఇంగ్లిష్‌లో చెప్పించండి. జేఈఈ మెయిన్ ఎలాగూ రాస్తాడు కాబట్టి ఇంటర్‌తోనే ఆర్మీ ఆఫీసర్‌గా తీసుకునే టెక్నికల్ ఎంట్రీ స్కీమ్‌కూ అప్లై చేయొచ్చు. అందులో వేరే రాత పరీక్ష ఉండదు. ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ ర్యాంకు, ఆపై ఎస్ఎస్‌బీ. నాలుగేళ్లకే జవానుగా తీసుకునే అగ్నివీర్‌ను తొందరపడి ఎంచుకోకండి. నాలుగేళ్ల తర్వాత పర్మనెంట్ అయ్యేది నలుగురిలో ఒకరే.

మనసంతా సహాయం మీదే ఉంటే ఎన్డీఆర్ఎఫ్ గురించి ఆలోచించవచ్చు. దాని పదో బెటాలియన్ మన కృష్ణా జిల్లా కొండపావులూరులోనే ఉంది. అయితే అందులోనూ నేరుగా ఉద్యోగాలుండవు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో చేరినవాళ్లనే డిప్యుటేషన్‌పై, అంటే కొన్నేళ్లకని, తీసుకుంటారు. అంటే ముందు బలగంలో చేరాలి, సీఆర్‌పీఎఫ్ అయితే బస్తర్ అడవులకో కశ్మీర్‌కో వెళ్లడానికీ సిద్ధపడాలి. తుపాకీ అసలే వద్దనుకుంటే రాష్ట్ర అగ్నిమాపక శాఖ ఉంది. వరద ఊళ్లోకి వస్తే ముందుగా దిగేవాళ్లలో వాళ్లూ ఉంటారు. ఎందుకో పిల్లలెవరూ దాని ఊసే ఎత్తరు.

కోచింగ్‌కు వేలు పోసేముందు ఒకసారి కళ్ల డాక్టర్‌కు చూపించి రంగుల గుర్తింపు పరీక్ష చేయించండి. పాదాలు చదునుగా ఉన్నాయా, నిలబడితే మోకాళ్లు తగులుతున్నాయా అన్నదీ చూపించండి. రాత పరీక్ష పాసయ్యాక మెడికల్‌లో వెనక్కి వచ్చే పిల్లలు చాలామందే ఉంటారు.